క్లాసుకి అత్తగారిని కూడా తీసుకెళ్ళు

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ. మావారు పేపర్ మిల్లులో పనిచేస్తారు. నా పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. నాకు 26 ఏళ్ళు, మొదటి కాన్పు, ఆరో నెల నడుస్తోంది. నార్మల్ డెలివరీకి ముందే తయారవడానికి క్లాసులు ఉంటాయని హైదరాబాద్‌లో ఉన్న మా పెద్దమ్మ కూతురు చెప్పింది. ఫోన్లోనే, వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు, తొమ్మిది వేలు. మావారు 'నీ ఇష్టం' అంటున్నారు. మా అత్తయ్య మాత్రం 'నలుగుర్ని ఇంట్లోనే కన్నాను, పిల్లల్ని కనడానికి కూడా ట్యూషనా?' అని నవ్వుతున్నారు. మా అక్కకి పద్నాలుగు గంటలు నొప్పులు పడ్డాక ఆపరేషన్ చేశారు. 'ఓర్చుకోలేక కోయించుకుంది' అని చుట్టాలు ఇప్పటికీ అంటారు. ఆ మాట నేను పడలేను. క్లాసులకి వెళ్తే నార్మల్ అవుతుందా, డబ్బు దండగా? పురుడు ఇక్కడ పోసుకోవాలా, పాతపట్నం వెళ్ళాలా అన్నదీ తేలలేదు. ఇక్కడి ఆసుపత్రిలో అందరూ ఒడియా మాట్లాడతారు, నాకు సగమే అర్థమవుతుంది. — పేరు వద్దు, రాయగడ

సమాధానం: 

తల్లీ, మీ అత్తగారి ట్యూషన్ మాటకి నాకూ నవ్వొచ్చింది. లేబర్ రూములో 31 ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైనదాన్ని, ఇలాంటి అత్తగార్లని చాలామందిని చూశాను. ఆవిడ మాటలో సగం నిజముంది. ఆ సగం సంగతి తర్వాత చెప్తాను, ముందు నువ్వడిగింది.

తొమ్మిది వేలు మీ ఇంట్లో లోటు అనిపించకపోతే చేరు. అనిపిస్తే చేరకు. అక్కడ చెప్పేదాంట్లో ముప్పాతిక వంతు పైసా ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు, ఎక్కడో కూడా చెప్తాను. ఏది చేసినా 'క్లాసులకి వెళ్తే నార్మల్ అవుతుంది' అన్న లెక్క మాత్రం వేసుకోకు. ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు. ఇస్తున్నారంటే ఆ క్లాసులో చేరకు.

క్లాసులకి వెళ్ళినంత మాత్రాన ఆపరేషన్లు తగ్గుతాయనడానికి గట్టి రుజువు లేదు. వెళ్ళినవాళ్ళకి భయం తగ్గుతుంది, దొంగ నొప్పులకే ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చి బెంచీ మీద ఒక రాత్రి కూర్చోవడం తగ్గుతుంది, డాక్టర్ని నాలుగు మాటలు అడిగే ధైర్యం వస్తుంది. నా దృష్టిలో ఇవి చిన్న లాభాలేం కావు.

అసలీ క్లాసులు పుట్టిందే భయం గురించి. గ్రాంట్లీ డిక్ రీడ్ అని ఇంగ్లండ్ డాక్టరొకాయన 1930ల్లో ఒక మాట అన్నాడు: భయపడితే ఒళ్ళు బిగుస్తుంది, ఒళ్ళు బిగిస్తే నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగేకొద్దీ భయం ఇంకా పెరుగుతుంది. ఆ తర్వాత ఫెర్నాండ్ లమాజ్ అనే ఫ్రెంచి డాక్టర్ 1951లో సోవియట్ యూనియన్ వెళ్ళి, అక్కడ కడుపుతో ఉన్నవాళ్ళకి ముందుగానే ఊపిరి తీసే పద్ధతి నేర్పడం చూసొచ్చి ప్యారిస్‌లో మొదలుపెట్టాడు. సినిమాల్లో హూ హూ అని ఊదిస్తారు చూడు, అది ఆయన పుణ్యమే. ఇప్పుడు అంత లెక్కలు కట్టి ఊదించడం తగ్గింది. మెల్లగా, పొడుగ్గా ఊపిరి వదలమంటున్నారు, అంతే.

డిక్ రీడ్ చెప్పింది నేను పుస్తకంలో కంటే ముందు దవడల్లో చూశాను. నొప్పి వచ్చేసరికి చాలామంది ముందు పళ్ళు బిగిస్తారు. దవడ బిగిస్తే భుజాలు పైకి లేస్తాయి, చేతులు మంచం ఇనప కమ్మీని పట్టేస్తాయి, తొడలు దగ్గరికొస్తాయి. పిల్ల బయటికి రావలసిన దారినంతా తల్లే మూసేసుకుంటోంది, తనకి తెలియకుండానే. అప్పుడు 'ధైర్యం తెచ్చుకో' అంటే ఎక్కడినుంచి తెస్తుంది? మేం చేసేది ఒకటే. బుగ్గ మీద చెయ్యి పెట్టి 'దవడ వదులు, ఆఁ అను, గొంతు కిందికి దింపి అను' అనేవాళ్ళం. సన్నగా కీచుమని అరిస్తే ఒళ్ళు బిగుస్తుంది, బొంగురుగా మూలిగితే వదులవుతుంది. అది అర్థమైన అమ్మాయికి నాలుగైదు నొప్పులు దాటేసరికి ముఖమే మారిపోయేది. నొప్పి ఏం తగ్గదు. దానితో పెనుగులాట తగ్గుతుంది.

ఇంకోటి ముందే తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. నొప్పి ఏకధాటిగా ఉండదు. మీ రాయగడ స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద నిలబడితే ఆగకుండా పోయే గూడ్సు బండి వస్తుంది కదా. దూరంగా వినిపిస్తుంది, దగ్గరికొస్తుంది, కాళ్ళ కింద నేల అదురుతుంది, మాట వినిపించదు, తర్వాత వెళ్ళిపోతుంది. బాగా ముదిరిన నొప్పి కూడా ఒక నిమిషం, మహా అయితే నిమిషంన్నర. తర్వాత రెండు మూడు నిమిషాలు ఖాళీ. ఆ ఖాళీలో కునుకు తీసిన ఆడవాళ్ళని కూడా చూశాను, నమ్ము. తెలియనివాళ్ళు ఆ రెండు నిమిషాలు కూడా రాబోయే బండి కోసం బిగుసుకుని కూర్చుంటారు. క్లాసుల్లో నేర్చుకోవలసింది అదే, బండి వెళ్ళాక ఒళ్ళు వదిలెయ్యడం.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్తాను. నా మొదటి కాన్పుకి నాకు 24 ఏళ్ళు. అప్పటికే నర్సింగ్ పాసై, కొన్ని వందల కాన్పులు చూశాను, కొన్ని నా చేతుల మీదుగా చేశాను. నొప్పుల దశలు నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఏ ఆసుపత్రి అన్నది ఇప్పుడెందుకు గానీ, నన్ను టేబుల్ ఎక్కించి మా అమ్మని బయట కూర్చోబెట్టారు. తలుపుకి గుండ్రటి అద్దం ఉండేది. దాంట్లోంచి అమ్మ కొప్పు కనిపించేది, ముఖం కనిపించేది కాదు. డ్యూటీలో ఉన్న అమ్మాయికి నలుగురు పేషెంట్లు. నాకు తెలిసిన విద్య ఒక్కటి కూడా గుర్తుకు రాలేదు తల్లీ. ఆ కొప్పు కదిలినప్పుడల్లా ఇటు తిరుగుతుందేమో అని చూస్తూ ఏడు గంటలు గడిపాను. నేను చదివింది తక్కువా? చదువు కాదు అప్పుడు కావలసింది, పక్కన ఒక మనిషి.

అందుకే క్లాసు కంటే ముందు నిన్ను నేనడిగేది, లోపల నీ పక్కన ఎవరుంటారని. దీని మీద మాత్రం గట్టి రుజువే ఉంది. 15 వేలకు పైగా ఆడవాళ్ళతో చేసిన 26 అధ్యయనాలని ఒకచోట చేర్చి 2017లో లెక్క తేల్చారు. కాన్పు నొప్పుల్లో మొదటినుంచి చివరిదాకా ఒక మనిషి పక్కనే ఉన్నవాళ్ళకి మామూలు కాన్పులు ఎక్కువ, ఆపరేషన్లు తక్కువ, నొప్పులు పడే సమయం కూడా కొంచెం తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనల్లోనూ ఇది ఉంది. మన కేంద్ర ప్రభుత్వం 2016లోనే ప్రభుత్వాసుపత్రులకి చెప్పింది, కాన్పు గదిలోకి తోడుగా ఒకర్ని అనుమతించమని. ఆడమనిషి అయ్యుండాలి, వీలైతే కాన్పు అనుభవం ఉన్నావిడ అయితే మంచిది అన్నారు. మంచానికీ మంచానికీ మధ్య మరుగు ఉన్న చోట భర్తని కూడా రానివ్వచ్చు. కాగితం మీద ఉన్నది ప్రతి ఊళ్ళోనూ అమలవుతోందని అనను. ఏడో నెలలో చెకప్‌కి వెళ్ళినప్పుడే 'లోపలికి ఎవరిని రానిస్తారు?' అని అడిగి పెట్టుకో. అప్పుడు కాదనిపించుకున్నా బతిమాలుకోవడానికి రెండు నెలల టైముంటుంది.

ఇప్పుడు లెక్క చూడు. మగవాళ్ళని రానిచ్చేది చాలా తక్కువ చోట్ల. కాబట్టి మీ ఆయన బయటే ఉంటారు, టీ తాగుతూ, ఫోన్లు ఎత్తుతూ, మీ ఊరి మజ్జిగౌరమ్మ తల్లికి మొక్కుకుంటూ. లోపల ఉండేది మీ అమ్మ, లేదా మీ అత్తగారు. క్లాసంటే నవ్వుతున్న మనిషే ఆరోజు నీ నడుం పట్టుకోవాలి. అందుకే అంటున్నా, తొమ్మిది వేలు కడితే ఫోను ఒక్కదానివే పట్టుకుని గదిలో తలుపేసుకోకు. హాల్లో స్టూలు మీద ఫోను నిలబెట్టి, అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకో.

ఆవిడ కూర్చోవడానికి దారి కూడా ఉంది. ఆవిడ మాటలో సగం నిజం అన్నానే, అది ఇది. ఆవిడ్ని ఓ మధ్యాహ్నం అడుగు: 'అత్తయ్యా, మీకు నొప్పులొచ్చినప్పుడు ఏం చేశారు?' మంత్రసాని నడవమంది, గుంజ పట్టుకుని గొంతుక్కూర్చోమంది, నడుం కింద వేడి వేడి ఆముదం రాసి బొటనవేళ్ళతో నొక్కింది, గంజి తాగించింది అంటారు. నువ్వు తొమ్మిది వేలు పెట్టి నేర్చుకోబోయేవాటిలో ఇవే ఉంటాయి. వెల్లకిలా పడుకోబెట్టడం ఆసుపత్రి అలవాటు, అది మా వీలు కోసం వచ్చింది, ఒప్పుకుంటాను. గర్భాశయ ముఖం తెరుచుకునే మొదటి దశలో నిలబడి, నడుస్తూ, కూర్చుని ఉన్నవాళ్ళకి పడుకున్నవాళ్ళకంటే నొప్పుల సమయం గంటకు పైగా తగ్గిందని పరిశోధనలు తర్వాత తేల్చాయి. మీ అత్తగారికి ఆ సంగతి ఎప్పుడో తెలుసు. క్లాసులో టీచరమ్మ ఆ మాట చెప్పినప్పుడు ఆవిడ ముఖం చూడు.

కానీ మిగిలిన సగం కూడా చెప్పాలి. నలుగుర్ని ఇంట్లో కని బతికినావిడ కథ చెప్పడానికి మిగిలారు. బతకనివాళ్ళు చెప్పడానికి రారు కదా. ఒడిశాలో 2004-06 నాటికి లక్ష కాన్పులకి 303 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి అది 119కి దిగింది. రక్తం ఆగకపోతే ఇంజెక్షన్ ఇచ్చే మనిషి, రక్తం సీసా, అడ్డం తిరిగిన బిడ్డని తీసే డాక్టర్ దగ్గర్లో ఉండటం వల్ల ఎంతోమంది బతికి బట్టకట్టారు. అందుకని 'సహజ ప్రసవం' పేరు చెప్పి ఇంట్లోనే కనమని, స్కానింగులు వద్దని ఎవరైనా చెప్తే ఆ క్లాసు మూసేసి బయటికి వచ్చెయ్యి. నడక, గుంజ, నడుం నొక్కడం మీ అత్తగారి నుంచి తీసుకో. కాన్పు మాత్రం ఆసుపత్రిలో.

మీ అక్క సంగతి. నీ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆగింది ఇక్కడే. క్లాసులు, డబ్బులు, ఊళ్ళు అన్నీ రాశావు గానీ, నీ అసలు భయం నొప్పి కాదనిపిస్తోంది. ఆ మాట పడటం.

పద్నాలుగు గంటలు నొప్పులు పడిన మనిషిని ఓర్చుకోలేదన్నవాళ్ళు పద్నాలుగు నిమిషాలు ఆ గదిలో ఉండి చూడాలి. మొదటి కాన్పుకి పద్నాలుగు గంటలంటే విపరీతమేం కాదు, అలా పట్టేవాళ్ళు ఎందరో. అన్ని గంటల తర్వాత ఆపరేషన్ అన్నారంటే మామూలుగా కారణాలు వేరే ఉంటాయి. బిడ్డ గుండె చప్పుడు తగ్గి ఉండొచ్చు, గర్భాశయ ముఖం ఎంతకీ తెరుచుకోకపోయి ఉండొచ్చు, బిడ్డ తల తిరగవలసిన వైపు తిరగకపోయి ఉండొచ్చు. ఈ మూడింట్లో ఏదీ ఓర్పుకి లొంగేది కాదు. ఎంత ఓర్చుకున్నా అడ్డం తిరిగిన తల తిరగదు. మీ అక్క దగ్గర డిశ్చార్జి కాగితం ఉంటే తీసి చూడండి, ఇద్దరూ కలిసి. ఆపరేషన్ ఎందుకు చేశారో అందులో ఒక లైనులో రాసి ఉంటుంది. అది చదివాక ఆ అమ్మాయి మొహంలో ఏదో బరువు దిగుతుంది చూడు. తనకే తెలియదేమో ఇన్నాళ్ళూ, తప్పు తనదనే అనుకుంటోందేమో. క్లాసు మొదలయ్యేలోపు ఈ పని చెయ్యి. నీకూ పనికొస్తుంది, ఎందుకంటే రేపు నీకూ ఆపరేషన్ చెయ్యాల్సి వస్తే నువ్వు 'ఫెయిల్' అయ్యానని ఏడవకూడదు. నార్మల్ అయినవాళ్ళకి మెడల్ ఏమీ ఇవ్వరు. నేను 31 ఏళ్ళు ఉన్నాను, ఒక్కరికీ ఇవ్వలేదు.

అలాగని అవసరం లేని కోతలు లేవంటే అబద్ధం చెప్పినదాన్నవుతాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో ఒడిశాలో నూటికి 22 కాన్పులు ఆపరేషన్లు. ఆంధ్రలో 42. తెలంగాణలో 61. కొండలూ నదులూ దాటగానే ఆడవాళ్ళ ఒళ్ళు మారిపోదు కదా, మారేది ఆసుపత్రులు. దేశం మొత్తం చూస్తే ప్రభుత్వాసుపత్రుల్లో నూటికి 14, ప్రైవేటులో 47. కాబట్టి నీకు ఏ కాన్పు అవుతుందన్నది నువ్వు నేర్చుకున్న ఊపిరి కంటే, నువ్వు ఎంచుకున్న గడప మీద ఎక్కువ ఆధారపడి ఉంది. డాక్టర్ దగ్గర నోరు మెదపకుండా కూర్చోకు. ఇక్కడ మొదటి కాన్పుల్లో నార్మల్ ఎన్ని, ఆపరేషన్లు ఎన్ని? నొప్పులు పడేటప్పుడు నడవనిస్తారా, నీళ్ళు తాగనిస్తారా? అందరికీ కింద కోత పెడతారా, అవసరమైతేనేనా? రాత్రిపూట ఆపరేషన్ అవసరమైతే మత్తు డాక్టర్ ఊళ్ళోనే ఉంటారా, రక్తం ఎక్కడ దొరుకుతుంది? కొందరు డాక్టర్లు విసుక్కుంటారు. జవాబు మాట ఎలా ఉన్నా, విసుగు కూడా ఒక జవాబే. ముహూర్తం చూసి ఆపరేషన్ పెట్టించుకునే ఇళ్ళు మన వైపు ఎక్కువే, డాక్టర్లదొక్కళ్ళదే తప్పని నేను అనను.

ఇక ఊరు. రాయగడా, పాతపట్నమా? పుట్టింటికి వెళ్ళే ఆచారం మంచిదే, నేను కాదనను. అమ్మ చేతి అన్నం, నిద్ర, మొహమాటం లేకపోవడం, వీటికి ఏ క్లాసూ సాటి రాదు. కానీ తొమ్మిదో నెల నిండాక బయల్దేరకు. గుణుపురం మీదుగా వెళ్ళినా పార్వతీపురం మీదుగా వెళ్ళినా గంటల తరబడి రోడ్డు. వెళ్ళేటట్టయితే ఎనిమిదో నెలలో వెళ్ళి, కాన్పు జరగబోయే ఆసుపత్రిలోనే కనీసం రెండు మూడు చెకప్‌లు చేయించుకో. పాతపట్నంలో ఉంటే నది దాటితే పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రి, అక్కడ మళ్ళీ ఒడియానే. ఇటు టెక్కలి, శ్రీకాకుళం, అక్కడ తెలుగు. రాష్ట్రం ఏదైనా ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, ఉన్నన్ని రోజులు తిండి 2011 నుంచి ఉచితమే. డబ్బు పథకాలు మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారతాయి. ఒడిశాలో మమత పథకం ఉంది, అందులో పేరుందో లేదో ఆశా దీదీని అడిగి, వెళ్ళేముందే కాగితాలు సరిచేసుకో. తల్లీబిడ్డల కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం ఒకే కవర్లో పెట్టు. ఎక్కడికి వెళ్ళినా ఆ కవరే ముందు అడుగుతారు.

నన్ను చెప్పమంటే, రాయగడలోనే ఉండి మీ అమ్మనే ఇక్కడికి పిలిపించుకోమంటాను. ఆరో నెల నుంచీ చూస్తున్న డాక్టరే చివరిదాకా చూడటం మంచిది. ఆచారం తప్పిందని ఎవరైనా అంటే, పురుడయ్యాక బాలింతగా పుట్టింటికి వెళ్తానని చెప్పు.

భాష గురించి నువ్వు ఒక్క వాక్యమే రాశావు గానీ, నాకది పెద్ద విషయం. నేను పర్లాకిమిడిలో పెరిగినదాన్ని, రెండు భాషలూ నోట్లో ఉన్నాయి. అయినా నా కాన్పు రోజు నాకు తెలుగు తప్ప ఏదీ అర్థం కాలేదు. నొప్పుల్లో మనిషి తల్లి భాషలోకి వెళ్ళిపోతుంది. అప్పుడు నర్సమ్మ 'జోరొ దియొ' అంటే ముక్కమని. 'ధీరే' అంటే మెల్లగా, 'టికే రుహొ' అంటే కాస్త ఆగు. బిడ్డ తల బయటికొచ్చే క్షణంలో ముక్కమందో ఆగమందో తేడా తెలియకపోతే చర్మం చీరుతుంది. అందుకే ఈ మూడు మాటలూ ఇప్పుడే చెవికి అలవాటు చేసుకో. నీ నోటితో చెప్పాల్సినవి కూడా కొన్ని ఉన్నాయి: పాణి అంటే నీళ్ళు, రక్తొ అంటే నెత్తురు, పిలా అంటే బిడ్డ. 'దీదీ' అని పిలిస్తే ఎంత కోపంగా ఉన్న నర్సు అయినా తిరిగి చూస్తుంది, నేను హామీ. పక్కింటి ఒడియా అమ్మాయితో రోజూ పావుగంట కబుర్లు చెప్పు. ఇది తొమ్మిది వేల క్లాసులో చెప్పరు.

డబ్బు లేకుండా దొరికేది ఎక్కడంటే, మీ వార్డు అంగన్‌వాడీలో గర్భిణులనీ పిల్లలనీ చూసే రోజు, మమతా దివస్ అంటారు, అది ఒకటి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి డాక్టర్ ఉచితంగా చూస్తారు, 2016 నుంచి జరుగుతోంది. జనం ఎక్కువ ఉంటారు, పొద్దున్నే వెళ్ళు. అక్కడి నర్సుని పట్టుకుని లేబర్ రూము ఒకసారి చూపించమను. ఖాళీగా ఉన్నప్పుడు చాలామంది చూపిస్తారు. టేబుల్ ఎత్తు ఎంతుందో, బాత్రూము ఎటుందో, తోడుగా వచ్చినవాళ్ళు ఎక్కడ నిలబడతారో ఒకసారి కళ్ళతో చూస్తే, ఆ రోజు అది కొత్త చోటు కాదు. ఫోన్లో నేర్పే ఏ ధ్యానమూ ఇంత పని చెయ్యదు.

క్లాసులో చేరితే నేర్పేవాళ్ళు ఎవరో అడుగు. నర్సా, మిడ్‌వైఫా, ఫిజియోథెరపిస్టా, లేక తన కాన్పు బాగా జరిగిందని టీచరైనావిడా? చివరి రకం వాళ్ళలోనూ మంచివాళ్ళున్నారు గానీ డబ్బు మాత్రం మొదటి మూడు రకాలకే ఇవ్వు. ఎనిమిది క్లాసుల్లో సిజేరియన్ గురించి ఒక్కటైనా ఉందా చూడు. లేకపోతే అది సగం పాఠమే. పాలివ్వడం గురించి ఉంటే ఇంకా మంచిది. కాన్పు ఒక రోజు, పాలు ఏడాది పైన. 34 వారాలు దాటాక కింది భాగానికి చేసుకునే మర్దన నేర్పిస్తారేమో అడుగు, మొదటి కాన్పు వాళ్ళకి కుట్లు పడే అవకాశాన్ని కొంత తగ్గిస్తుంది. సిగ్గుపడి వదిలేసేవాళ్ళే ఎక్కువ. వ్యాయామాలు ఏవైనా మీ డాక్టర్ సరేనన్నాకే. బిడ్డ మాయ కిందికి ఉన్నా, బీపీ ఉన్నా, నెత్తురు కనిపించినా గొంతుక్కూర్చునే వ్యాయామాలు మానెయ్యాలి. నెలలు నిండాక నొప్పులు రావాలని ఆముదం తాగమంటారు, మీ అత్తగారే అనొచ్చు. నడుముకి రాయించుకో, తాగొద్దు. విరేచనాలతో నీరసపడిపోయి వచ్చినవాళ్ళని చూశాను.

బిడ్డ కదలిక తగ్గినా, ఉమ్మనీరు పోయినా, నెత్తురు కనిపించినా, తల పగిలేలా నొప్పొచ్చి కళ్ళు మసకబారినా క్లాసు, ఊపిరి, నడక అన్నీ పక్కనబెట్టి 108కో 102కో ఫోన్ చెయ్యి. 'ఇంకాసేపు చూద్దాం' అనేవాళ్ళు ఇంట్లో ఒకరు తప్పకుండా ఉంటారు, వాళ్ళ మాట వినకు. రాత్రి అయినా సరే.

ఇంకొకటి, మీ పెద్దమ్మ కూతురు చెప్పిన ఆ క్లాసువాళ్ళకి ఫోన్ చేసినప్పుడు పాఠాలు తెలుగులోనే చెప్తారా, ఇంగ్లీషు కలిపేస్తారా అని గట్టిగా అడుగు. ఇంగ్లీషులో చెప్తే మీ అత్తగారు రెండో వారం నుంచి రారు.